కేలరీలు పొయ్యిలోంచి రావు

‘కేలరీల గుట్టు రట్టు’ అనే శీర్షికతో ఒక సుదీర్ఘ సందేశం కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. చదువుకున్న మిత్రులు, అందులోనూ రసాయనశాస్త్రం చదివిన మిత్రులు సైతం, ఇది నిజమో కాదో ఒక్క నిమిషం ఆలోచించకుండా, చేతులు జోడించిన బొమ్మతో సహా దాన్ని నాకు పంపుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక ఇక లేదు కనుక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సందేశం ఏడు అంశాలలో చెప్పేది క్లుప్తంగా ఇది. కేలరీ అంటే వేడి కాబట్టి అది వండినప్పుడే ఆహారంలోకి చేరుతుంది, పచ్చిగా తింటే కేలరీలు ఉండవు. సహజమైన తీపికి కేలరీలు లేవు. శక్తి నిజానికి విటమిన్ల నుంచి వస్తుంది. రాత్రి తిన్న తిండికి కేలరీలు రెట్టింపవుతాయి. లీటరు ఐసు నీళ్లు తాగితే 37,000 కేలరీలు ఖర్చవుతాయి. ప్యాకెట్ల మీద వేసే కేలరీల అంకె అబద్ధం. ఒంట్లో చేరే కేలరీలన్నీ కొవ్వు నుంచే వస్తాయి గనుక పసిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ నూనె, వెన్న పూర్తిగా మానేయాలి.

వీటన్నిటికీ సమానంగా కాగితం ఖర్చు చేయనక్కరలేదు. బి విటమిన్లు ఆహారంలోని శక్తిని కణాలు వెలికితీసే చర్యలకు తోడ్పడతాయే తప్ప వాటి నుంచి మనకు శక్తి రాదు. విటమిన్ మాత్రలో కేలరీలంటూ ఉంటే అవి దాని మీది చక్కెర పూతవి. తేనెలో 100 గ్రాములకు సుమారు 300 కేలరీలుంటే పంచదారలో దాదాపు 400 ఉంటాయి, ఆ తేడా చాలావరకు తేనెలో ఉన్న నీటి వల్ల వచ్చిందే తప్ప దాని సహజత్వం వల్ల కాదు. ఇక రాత్రి సంగతి: గడియారం చూసుకొని తన శక్తిని రెట్టింపు చేసుకునే పదార్థం ఏదీ లేదు. పొద్దుపోయాక తినడం ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది వేరే చర్చ.

పచ్చి ఆహారం విషయంలో మాత్రం కొంత ఆగాలి, ఎందుకంటే సందేశంలోని మిగతా తప్పులకు మూలం అక్కడే ఉంది. కేలరీ అనేది ఆహారంలో ఎక్కడో దాక్కున్న ఒక పదార్థమని, దాన్ని చేర్చవచ్చు, తీసేయవచ్చు అని రచయిత అనుకుంటున్నారు. అది కొలత మాత్రమే. గుడ్డను ఎంత చించినా అందులోంచి మీటర్లు రాలిపడనట్లే ఆహారంలోంచి కేలరీలూ రాలిపడవు. లవోయిజియే, లప్లాస్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1780ల తొలినాళ్లలోనే ఒక గినీ పందిని మంచుగడ్డల మధ్య ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు వాయువును వదిలిందో కొలిచి, బొగ్గు మండినప్పుడు వచ్చే లెక్కలతో పోల్చి, శ్వాసక్రియ అంటే నెమ్మదిగా సాగే దహనమేనన్న నిర్ణయానికి వచ్చారు. ఆహారంలోని కార్బన్, హైడ్రోజన్ మనం పీల్చే ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారేటప్పుడు వెలువడే శక్తిని మనం కేలరీలలో చెప్పుకుంటున్నాం. ఆ కార్బన్‌ను, హైడ్రోజన్‌ను సూర్యకాంతి సాయంతో అలా కూర్చిపెట్టింది మొక్క. మాంసంలోకీ పాలలోకీ కూడా అది చేరేది మొక్క నుంచే. ఇందులో పొయ్యి పాత్ర ఎక్కడుందో నాకు తెలియదు. అనుమానమున్నవారు ఎండిన పచ్చి బాదం గింజను పట్టుకారుతో పట్టుకొని నిప్పంటించి చూడవచ్చు. కేలరీలే లేని ఆ గింజ చాలాసేపు మండుతుంది.

విచిత్రమేమిటంటే ఈ అంశంలో రచయిత తెలియకుండానే ఒక నిజం పక్కనుంచి నడిచి వెళ్లారు. వంట కేలరీలను పుట్టించదు గాని, ఉన్నవాటిని మన పేగులకు అందుబాటులోకి తెస్తుంది. వేడికి పిండి రేణువులు నీరు పీల్చుకొని ఉబ్బితేనే మన ఎంజైములు వాటిని సులువుగా విడగొట్టగలవు. పచ్చి బంగాళదుంపలోని పిండిలో చాలా భాగం చిన్నపేగును దాటిపోతుంది. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉడికిన గుడ్డులోని ప్రోటీన్ సుమారు 90 శాతం అరిగితే, పచ్చి గుడ్డులోది దాదాపు సగమే అరిగింది. అంటే పచ్చిగా తింటే కొన్నిటి నుంచి తక్కువ శక్తి అందుతుందన్నది నిజం. తక్కువకూ సున్నాకూ మధ్య ఉన్న దూరాన్ని రచయిత ఒక్క అంగలో దాటేశారు.

ఐసు నీళ్ల దగ్గరకు వస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడిచేయడానికి ఒక కేలరీ కావాలి, లీటరులో వెయ్యి గ్రాములు, సున్నా నుంచి ఒంటి వేడి దాకా 37 డిగ్రీలు, కాబట్టి 37,000. లెక్క తప్పని ఎవరూ అనలేరు. కాకపోతే ఆహారం గురించి మాట్లాడేటప్పుడు అందరూ కేలరీ అనేది కిలోకేలరీని, అంటే వెయ్యి చిన్న కేలరీలను. ఆ లెక్కలో ఖర్చయ్యేది 37, అంటే రెండు చెంచాల పంచదారకు కాస్త పైమాట. ఒంట్లో ఎలాగూ వృథాగా పోయే వేడితోనే ఆ నీరు కొంత వెచ్చబడుతుంది గనుక అదనపు ఖర్చు అంతకూడా ఉండకపోవచ్చు. సందేశం చెప్పినదే నిజమైతే లీటరు ఐసు నీళ్లకు ఒంట్లోంచి నాలుగు కిలోలకు పైగా కొవ్వు మాయమవ్వాలి. అప్పుడు వేసవిలో దాహం తీర్చుకోవడమంత ప్రమాదకరమైన పని మరొకటి ఉండదు, మంచినీళ్ల సీసాల మీద పుర్రె గుర్తు ముద్రించాల్సి వస్తుంది.

ప్యాకెట్ మీది అంకె విషయంలో నేను రచయితతో చాలావరకు ఏకీభవిస్తాను. అబద్ధమన్న మాట అన్యాయం గాని, అది మనం అనుకునేంత కచ్చితమైన అంకె కాదు. 19వ శతాబ్దం చివర విల్బర్ ఆట్‌వాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆహారాన్ని మండించి, దాన్ని తిన్నవారి మలమూత్రాలలో ఎంత శక్తి పోయిందో కూడా కొలిచి, గ్రాము పిండిపదార్థానికి 4, ప్రోటీన్‌కు 4, కొవ్వుకు 9 అనే సగటు అంకెలను తేల్చారు. ప్రోటీన్ మంటలో పూర్తిగా కాలితే అయిదున్నరకు పైగా ఇస్తుంది, కాని మన శరీరం అందులోని నత్రజనిని యూరియాగా బయటికి పంపేటప్పుడు కొంత శక్తి దాని వెంట పోతుంది. ఈ పనిలోని నిజాయితీని ఎవరూ శంకించనక్కరలేదు. అయితే సగటు సగటే. పిండిపదార్థాల పద్దులో చేరే పీచును మన ఎంజైములు అరిగించలేవు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే మనకు దక్కేది గ్రాముకు రెండు కేలరీల వరకే. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషులకు బాదం గింజలు తినిపించి కొలిస్తే, పాత అంకెల ప్రకారం రావలసిన శక్తిలో దాదాపు నాలుగో వంతు అందడమే లేదని తేలింది, ఎందుకంటే నమిలినా పగలని కణాలలోని కొవ్వు అరగకుండానే బయటికి పోతోంది. అందువల్ల లేబుల్‌ను ఉజ్జాయింపుగా చూడమంటే నాకు అభ్యంతరం లేదు. అసలు చూడొద్దంటున్న ఈ రచయిత మాత్రం పై పేరాలోనే వెయ్యి రెట్లు తప్పారు.

ఇక కొవ్వు. మిగతావాటిని నేను నవ్వుకుంటూ వదిలేయగలను, దీన్ని వదలలేను. మొదట అందులోని అబద్ధాన్ని చూద్దాం. పంచదారలో కొవ్వు చుక్కయినా లేదు, అయినా 100 గ్రాములలో 400 కేలరీలున్నాయి. కొవ్వు చేసేదల్లా అదే బరువులో ఎక్కువ శక్తిని ఇవ్వడం. గ్లూకోజ్ అణువులో ఆరు కార్బన్లకు ఆరు ఆక్సిజన్లు ముందే అంటిపెట్టుకొని ఉంటాయి, అంటే అది సగం కాలిన ఇంధనం. పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంలో పదహారు కార్బన్లకు ఆక్సిజన్లు రెండే. కాలవలసింది ఎంతో మిగిలి ఉంది కనుకే దాని నుంచి రెట్టింపుకు మించిన శక్తి వస్తుంది. ఇది కొవ్వు చేసిన నేరం కాదు.

పెద్దవాళ్లు తమ ఆహారంలో నూనె తగ్గించుకుంటే నాకేమీ బాధ లేదు, చాలామందికి అది మంచిదే కావచ్చు. పసిపిల్లలతో సహా, పూర్తిగా, అన్న రెండు మాటల దగ్గరే నా ఓపిక అయిపోయింది. తల్లిపాలలోని శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. మరి తల్లిపాలను కూడా వెన్న తీసి పట్టించమని ఈ మహానుభావులు సలహా ఇస్తారా? ఏడాది బిడ్డ పొట్ట చిన్నది, అవసరం పెద్దది. గిన్నెలోంచి కొవ్వు తీసేస్తే అంతే శక్తి కోసం ఆ కొవ్వు బరువుకు రెండింతలకు మించిన పిండిపదార్థం తినిపించాలి, అది ఉడికినప్పుడు పీల్చుకున్న నీటి బరువు అదనం. బిడ్డ అంత తినలేదు. తినగలిగినా లినోలెయిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలను మన ఒళ్లు తయారుచేసుకోలేదు, అవి ఆహారంలోంచే రావాలి. 1929లో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు లేని ఆహారం పెడితే వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగిపోయింది. మిగతా పోషకాలన్నీ అందుతున్నా ఆగిపోయింది. నీటిని మినహాయిస్తే మెదడు బరువులో దాదాపు సగం కొవ్వు పదార్థాలే, ఆ మెదడు వేగంగా పెరిగేది ఈ వయసులోనే. విటమిన్లే సర్వస్వమని మూడో అంశంలో చెప్పిన సందేశం ఏడో అంశంలో ఏం చేసిందో కూడా గమనించాలి: ఎ, డి, ఇ, కె విటమిన్లు పేగులోంచి ఒంటికి సరిగా పట్టాలంటే కొవ్వు ఉండాలి.

ఐసు నీళ్ల లెక్కను నమ్మినవారికి కనీసం దాహమైనా తీరుతుంది. బిడ్డ గిన్నెలోంచి వెన్న తీసేసిన తల్లికి తప్పు జరుగుతోందని తెలిసేది బరువు పెరగడం ఆగిపోయాకే. ఈ సందేశాన్ని ఏయే గ్రూపులకు పంపారో ఆ గ్రూపులలోనే, కొవ్వు మానేయమన్న ఏడో అంశం తప్పని ఈ రోజే రాయండి. రెండేళ్లలోపు బిడ్డ ఆహారంలో కొవ్వు తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తే ముందుగా పిల్లల వైద్యుడిని అడగమని కూడా చేర్చండి. మిగతా ఆరింటిని మీరు సరిదిద్దకపోయినా నేనేమీ అనుకోను.