చలికాలం వచ్చింది, లారీ మాత్రం రాలేదు

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. లేకపోతే చూడకుండానే మాట్లాడుతున్నాడని పిల్లలు కొట్టిపారేస్తారు. సింహాసనం కోసం ప్రభువులు కొట్టుకునే అమెరికన్ టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ 73 ఎపిసోడ్లూ చూశాను. కొన్ని రెండుసార్లు చూశాను, మొదటిసారి నిద్రపోయాను కాబట్టి. దానికి మూలమైన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ గారి పుస్తకాలు అయిదూ మా ఇంట్లో ఉన్నాయి. మొదటిదీ చివరిదీ చదివాను. మధ్యలో మూడూ టీవీ కింద ఎత్తుకి పెట్టాం. చివరిదంటే ఇప్పటికి చివరిది, ఆ సంగతి తర్వాత చెప్తాను. వీటన్నిటికంటే పెద్ద అర్హత ఇంకొకటుంది. చెన్నై తొరైపాక్కంలో 48 ఫ్లాట్ల అపార్టుమెంటుకి మూడేళ్లు అసోసియేషన్ సెక్రటరీగా చేశాను. రాజ్యపాలన గురించి మాట్లాడ్డానికి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలీదు.

నా ఆరోపణ ఒక్కటే. డ్రాగన్లు కల్పనే గానీ రాజకీయం మాత్రం అచ్చం నిజం అని ఈ కథని లోకమంతా మెచ్చుకుంది. నాకు డ్రాగన్లతో పేచీ లేదు. రెక్కలున్నాయి, ఎగురుతున్నాయి, నమ్మొచ్చు. నేను నమ్మలేనిది ఆ రాజకీయమే.

2019 మే 20, సోమవారం. ఆఖరి ఎపిసోడ్ అమెరికాలో ఆదివారం రాత్రి వేస్తే మనకి ఉదయం ఆరున్నర. ఆ వేసవి ఎలా గడిచిందో చెన్నై వాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటిపోతున్నాయి. ఓఎమ్మార్‌లో, అంటే పాత మహాబలిపురం రోడ్డులో, మా వీధికి పైపు కనెక్షన్ లేదు, బోరు గాలి కక్కుతోంది. ఇక బతుకంతా లారీ నీళ్ల మీదే. బుక్ చేస్తే అర్ధరాత్రి రావచ్చు, తెల్లారి రావచ్చు, రాకపోవచ్చు.

సరిగ్గా ఆ ఆరున్నరకే మా లారీ వచ్చింది, నాలుగు రోజుల తర్వాత. మా బావమరిది కొడుకు అప్పట్లో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకునేవాడు. "కిందికి రారా, పైపు పట్టుకోవాలి" అన్నాను. "మావయ్యా, ఎనిమిదేళ్లుగా చూస్తున్నా దీనికోసం" అన్నాడు, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. సరే, నేనే దిగాను. పైపు అతుకు దగ్గర వాచ్‌మన్ సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు, అయినా అక్కడ చిన్న ఫౌంటెన్ ఆగలేదు. ఆ ఫౌంటెన్ కింద మూడు బకెట్లు, ఒక ప్రెషర్ కుక్కరు, రెండో ఫ్లోరు బామ్మగారి రాగి చెంబు. నా చేతిలో కర్ర. ఆ కర్ర గురించి చెప్పాలి. ఆరడుగుల వెదురు కర్ర, మీద వెయ్యి లీటర్లకో సుద్ద గీత. లారీ వచ్చేముందు ఒకసారి, వెళ్లేముందు ఒకసారి సంపులో ముంచి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తాను. డ్రైవరు పన్నెండు వేల లీటర్లన్నాడు. కర్ర తొమ్మిదంది. ఆ మూడు వేల లీటర్ల కోసం సంపు గట్టు మీద నిలబడి నాకొచ్చిన అరవంలో నేను చేసిన దౌత్యం, ఆ సీరియల్లో ఏ రాయబారీ చెయ్యలేదు.

మర్నాడు మావాడే స్క్రీను ఆపి చూపించాడు. రాజ్యానికి వారసుణ్ని తేల్చే మహాసభ. ప్రభువులందరూ వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఒకాయన కాలి వెనక ప్లాస్టిక్ నీళ్ల బాటిల్! షూటింగ్‌లో ఎవరో మర్చిపోయారట, లోకమంతా నవ్వుకుంటోంది. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని స్క్రీనుకి దగ్గరగా వెళ్లి ఒకటే అడిగింది: "అందులో నీళ్లున్నాయా?"

అంతకు రెండు వారాల ముందు ఇలాగే విందు బల్ల మీద, డ్రాగన్ల తల్లి ముందు కాఫీ కప్పు కనిపించింది. పొరపాటేననీ, రాణిగారు ఆర్డర్ చేసింది మూలికల టీ అనీ చానెల్ వాళ్లు జోకేసి, తర్వాత ఆ కప్పుని చెరిపేశారు. అదే డబరా గ్లాసు అయ్యుంటే ఒక్కడూ పట్టుకునేవాడు కాదు, పూర్వకాలపు పాత్రే అనుకునేవాళ్లు.

ఇక చలికాలం. "చలికాలం వస్తోంది" అనేది ఆ కథలో ఒక వంశం వాళ్ల బిరుదవాక్యం. వచ్చిందంటే ఏళ్ల తరబడి పోదట. దాని వెనకే శవాల సైన్యం వస్తుందట. దాన్ని ఆపడానికి 700 అడుగుల ఎత్తు, 300 మైళ్ల పొడవు మంచు గోడ ఉంది. చెన్నైలో ఉండేవాడికి ఇది భయం కాదు, ఆశ. మార్గళి మాసంలో తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకి దిగితే మంకీ క్యాపు బయటికి తీసి చెవుల్లో దూది పెట్టుకునే జనం మేము. అయినా సరే, ఏడు సీజన్లు ఎదురుచూశాం. తీరా వచ్చిన ఆ చలికాలం ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఒక్క రాత్రికి అయిపోయింది. 82 నిమిషాలు. అదీ కనబడి చావలేదు. అంత చీకటి. కరెంటు పోయిందేమోనని నేను మీటరు బోర్డు దాకా వెళ్లొచ్చాను. ఒక పిల్ల బాకుతో శవాల రాజుని పొడిచింది, మొత్తం సైన్యం పిండిబొమ్మల్లా రాలిపోయింది, చితులు పేర్చారు, ఆ తర్వాత విందు.

మా చలికాలమూ ఒక్క రాత్రేలెండి, ఆ లెక్కన అదొక్కటే వాస్తవికంగా ఉంది. కానీ ఆ విందు నా వల్ల కాదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు, పళ్లికరణై చిత్తడి నేలకి పక్కనే ఉన్న మాకు అసలైన దీర్ఘరాత్రి అనుభవమైంది. మర్నాడు మేం విందు చేసుకోలేదు. సంపులోకి మురుగు దిగింది. బ్లీచింగ్ పౌడర్ ఎంత వెయ్యాలన్న దాని మీద ఎ బ్లాకుకీ బి బ్లాకుకీ మొదలైన యుద్ధం ఇంకా నడుస్తోంది.

ఏళ్ల తరబడి చలికాలం ఉన్న దేశంలో జనం ఏం తింటారు? సీరియల్లో ఇది తేల్చినవాడు లేడు. పుస్తకాల్లో ఒకడున్నాడు, న్యాయంగా ఒప్పుకోవాలి. బోవెన్ మార్ష్ అని గోడ కాపలావాళ్ల స్టోర్స్ ఇన్‌చార్జి. అయిదో పుస్తకంలో కథానాయకుణ్ని గోడ కింద కొట్లకి తీసుకెళ్లి, ఉన్న తిండి ఇంత, మనుషులు ఇంతమంది, గోడ అవతలి వాళ్లని కూడా లోపలికి రానిస్తే ఇది చాలదు అని మొత్తుకుంటాడు. మహానుభావుడు! అంత పెద్ద గ్రంథంలో నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి. తీరా పుస్తకం చివరికొచ్చేసరికి కథానాయకుణ్ని కత్తులతో పొడిచేవాళ్లలో ఈయనా ఉంటాడు. హత్యని నేను సమర్థించను. కానీ మెయింటెనెన్స్ కట్టని వాళ్లకి కూడా నీళ్లు వదలమని నేనన్నప్పుడు మా ట్రెజరర్ ముఖం ఎలా మారిందో చూసినవాణ్ని కనుక, పెద్దగా ఆశ్చర్యపోనూ లేదు.

ఆ కత్తిపోటు పడింది 2011లో. ఆరో పుస్తకం ఇంకా రాలేదు. మొదట మూడు పుస్తకాలే అనుకున్నారట, తర్వాత అది ఏడైంది. మూడంతస్తులకి ప్లాన్ తీసుకుని ఏడు కడతానని, అయిదో శ్లాబు మీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి వదిలేసి వెళ్లిపోయిన బిల్డర్లు మాకు కొత్త కాదు. అడ్వాన్సు కట్టినవాళ్లు మాత్రం ఆ చువ్వల్ని చూసి "ఎలివేషన్ అద్భుతం" అనరు.

"అందులో ఎవరైనా చచ్చిపోవచ్చు మావయ్యా, అదీ గొప్ప" అంటాడు మావాడు. ఒరేయ్, పద్మవ్యూహం కథ విని నిద్రపోయిన జాతిరా మనది. కోడిపందెం దగ్గర మొదలైన పంతం పల్నాడు మొత్తాన్ని తుడిచిపెట్టిందని వీరగాథలు పాడుకున్నాం. ఆ సీరియల్లోలా పెళ్లిలో నరుక్కుంటే కొత్త అనుకోవడానికి మనమేం నిన్న పుట్టలేదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే జనరల్ బాడీ మీటింగుకి వస్తాను. ఆఖరి ఎపిసోడ్‌లో డ్రాగన్ వచ్చి సింహాసనాన్ని కరిగించేస్తుంది. అంటే కుర్చీ లేకుండా ప్రెసిడెంట్ ఎన్నిక. నోటీసు లేదు, అజెండా లేదు, మినిట్స్ రాసేవాడు లేడు. సభని నడిపించేదెవరంటే రాజద్రోహం కేసులో చేతులకి సంకెళ్లతో వచ్చిన ఖైదీ. అభ్యర్థి పేరు ప్రతిపాదించేదీ ఆయనే. ఒక పెద్దాయన లేచి, తన అనుభవం గురించి ఉపన్యాసం మొదలుపెడితే మేనకోడలు "కూర్చో మావయ్యా" అంటుంది. ఇక్కడ మాత్రం రచయితలు ఏదో అపార్టుమెంటులో ఉండి వచ్చారని నాకు నమ్మకం కుదిరింది. పాపం ఒకడు, జనాన్నే ఓటెయ్యనిస్తే పోలా అంటాడు. అందరూ పగలబడి నవ్వుతారు. అదీ వాస్తవమే, కాదనను. కానీ తర్వాత చూడండి. సొంత తమ్ముణ్ని రాజుని చేస్తున్న సభలోనే అక్క లేచి "మా ఉత్తరం బ్లాకు వేరుపడుతుంది" అంటే, కొత్త రాజు సరేనని తల ఊపుతాడు. పక్కనున్న మిగతా బ్లాకులవాళ్లలో ఒక్కడు కూడా "అయితే మాకో?" అని అడగడు! మా దగ్గర సి బ్లాకుకి ఒక కొళాయి ఎక్స్‌ట్రా ఇస్తే మిగతా మూడు బ్లాకులూ లిఫ్టు ముందు ధర్నా చేశాయి. చివరికి ఆ ఖైదీనే కొత్త రాజు తన ముఖ్యమంత్రిగా వేసుకుంటాడు. డబ్బులకి కత్తి తిప్పే మనిషిని ట్రెజరర్ చేస్తారు. దీనికి ఆ ఏడాది ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అవార్డు కూడా ఇచ్చారు.

2014లో ఒక ఇంటర్వ్యూలో మార్టిన్ గారు మరో పేరున్న ఫాంటసీలోని రాజు గురించి, మంచివాడే గానీ ఆయన పన్నుల విధానమేంటి అని ప్రశ్నించారు. చాలా మంచి ప్రశ్న. అదే ప్రశ్న పట్టుకుని ఈ సీరియల్ చివరిదాకా వెళ్లాను. ఆఖరి నిమిషాల్లో కొత్త మంత్రిమండలి కూర్చుంటుంది. అక్కడ, 73వ ఎపిసోడ్ చివర్లో, శుభ్రమైన నీళ్లుంటే జనం ఆరోగ్యంగా ఉంటారన్న మాట ఒకటి వస్తుంది. నేను లేచి కూర్చున్నాను. రెండు మాటలు కాకముందే చర్చ వేశ్యావాటికల మీదికి మళ్లింది.

నిజమైన సింహాసనాల ఆట కావాలంటే మా నెల్లూరు రండి. కృష్ణలోంచి మద్రాసుకి 15 టీఎంసీలు ఇవ్వాలని మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా అయిదు వేసుకుని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ మళ్లీ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ తెర మీద కిరీటాలు పెట్టి అలసిపోయినవాళ్లే. కండలేరు నుంచి పూండికి కాలవ తవ్వి, ఆ నీళ్లు, అంటే తెలుగు గంగ, తొలిసారి చెన్నైకి చేరేసరికి 1996. ఇరవై ఏళ్లు! ఒక్క తల తెగలేదు, ఒక్క డ్రాగన్ లేవలేదు, నీళ్లు మాత్రం వచ్చాయి. సరిహద్దులో జీరో పాయింట్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు దాటాయో రోజూ లెక్క రాసుకుంటారు. నేను చెన్నైలో లిఫ్టు ఎక్కితే "ఉంగ ఊరు తణ్ణి ఎప్పో వరుం సార్?" (మీ ఊరి నీళ్లు ఎప్పుడొస్తాయి సార్?) అంటారు, గేటు తాళం నా జేబులో ఉన్నట్టు. పండక్కి ఊరెళితే మా బావమరిది, "మా నీళ్లన్నీ మీరే తాగేస్తున్నారు కదయ్యా" అంటాడు. రెండు రాజ్యాల మధ్య నలిగిన కథానాయకుడు కావాలంటే ఇంతకంటే ఎవరు దొరుకుతారు? ఆ 2019 జులైలో ఈ గంగ కూడా చాలక, జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైల్లో నీళ్లు తెచ్చారు. అంత పొడుగు డ్రాగన్ ఆ సీరియల్లో ఒక్కటీ లేదు.

ఆఖరి సీజన్ మళ్లీ తియ్యాలని పది లక్షలమందికి పైగా ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టారు. మా వీధికి పైపు కావాలని నేను తిప్పిన కాగితం మీద 48 ఫ్లాట్లకి 19 సంతకాలొచ్చాయి. అందులో మావాడిది లేదు.

వాడిప్పుడు పెళ్లి చేసుకుని షోళింగనల్లూరులో ఫ్లాటు కొనుక్కున్నాడు. పోయిన నెల వాళ్ల మీటింగు రోజున ఇంట్లో కూర్చుని అవే డ్రాగన్ల తాత ముత్తాతల సీరియల్ చూస్తున్నాడట. మీటింగుకి రానివాణ్ని సెక్రటరీ చెయ్యడం అన్నిచోట్లా ఉన్నదే. మొన్న తెల్లారి ఆరింటికి ఫోన్ చేశాడు. వెనకాల మోటారు చప్పుడు, ఎవరో అరవంలో అరుస్తున్నారు.

"మావయ్యా, వీడు పన్నెండు వేలంటున్నాడు. సంపు చూస్తే అలా లేదు. మీ కర్ర ఉందా ఇంకా?"

"ఉంది, టీవీ వెనక. వచ్చి తీసుకెళ్లు. తొమ్మిది దగ్గర గీత చెరిగిపోయింది, సుద్దతో మళ్లీ గీసుకో."