ముప్పై సెంట్ల ఆసామికి ఏ ట్రాక్టర్?

గుంటూరు బ్రాడీపేటలో, అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో కాపురముండే మా బావమరిది తాడికొండ వైపు 30 సెంట్లు కొన్నాడు. ఆనాటి నుంచీ అతనికి నిద్ర లేదు. కొనాల్సింది రో క్రాప్ ట్రాక్టరా, యుటిలిటీ ట్రాక్టరా? రాజధాని సంగతి తేలడానికే ఏళ్ళు పట్టిన జిల్లా మాది. తొందరపడకూడదని నేనూ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

రో క్రాప్ అంటే సాళ్ళ మధ్య నడిచే బండి. పొట్ట కింద మొక్క తగలనంత ఎత్తు, సన్నగా పొడుగ్గా ఉండే టైర్లు. పత్తికో, మిరపకో సాళ్ళ ఎడాన్ని బట్టి చక్రాలను దగ్గరికీ దూరానికీ జరుపుకోవచ్చు. 1924లో అమెరికాలో ఫార్మాల్ అనే ట్రాక్టర్ వచ్చాక ఈ జాతికి పేరొచ్చింది. యుటిలిటీది వేరే గోత్రం. కురచగా, వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉంటుంది. ముందు లోడర్ తగిలిస్తే మట్టి ఎత్తుతుంది, వెనక ట్రక్కు కడితే ఎరువు తోలుతుంది.

"ఇంతకీ నీ చేలో సాళ్ళెన్నిరా?" అన్నాను.

వేళ్ళు మడిచాడు. ఒక మామిడి, రెండు కరివేపాకు, ఒక నిమ్మ. "వరసగానే నాటాను బావా. సాలు కిందికి రాదా?"

లెక్కల్లోకి దిగాం. 30 సెంట్లంటే 1,452 గజాలు. చదరంగా ఉంటే పక్కకు 114 అడుగులు. ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే ఆరడుగుల రోటవేటర్‌తో 19 సార్లు అటూ ఇటూ తిరిగితే పని ఖతం. బండీ రోటవేటరూ కలిసి పదిహేను అడుగుల దాకా ఉంటాయి, మలుపు తిప్పడానికి రెండు చివర్లా అంత జాగా వదలాలి. వీడు పొలం కోసం ట్రాక్టర్ కొంటున్నాడా, ట్రాక్టర్ తిప్పుకోడానికి పొలం కొన్నాడా అన్న అనుమానం నాకు అప్పుడే వచ్చింది. బంధుత్వం కదా, బయటికి అనలేదు.

విజయవాడ ఆటోనగర్ వైపు ఒక షోరూముకు వెళ్ళాం. అక్కడి కుర్రాడికి రో క్రాప్, యుటిలిటీ గొడవేమీ పట్టలేదు. "ఎంత హెచ్‌పీ కావాలి సార్? ఎన్ని ఎకరాలు?" అన్నాడు. రెండో ప్రశ్నకు మావాడు మంచినీళ్ళు అడిగాడు.

తర్వాత అసలు టెన్షన్ మొదలైంది. బండి పెట్టేదెక్కడ? చేలో షెడ్డు లేదు. రేగడి నేల, నాలుగు చినుకులు పడితే చాలు. మొన్న జులైలో నా ఎడమకాలి చెప్పు అక్కడే ఉండిపోయింది, ఈపాటికి మొలిచుంటుంది. ఇక మిగిలింది అపార్ట్‌మెంటు సెల్లార్. వాచ్‌మన్ టేపు చివర పట్టుకుంటే బీము ఎత్తు కొలిచాం. యుటిలిటీ దూరుతుంది, రో క్రాప్ తల తగులుతుంది. వ్యవసాయ శాస్త్రం తేల్చలేని వివాదాన్ని సెల్లార్ బీము తేల్చేసిందని మురిసిపోయాను.

ఈలోగా కలుపు మోకాళ్ళ దాకా లేచింది. ఆ ఊళ్ళోనే ఒక డ్రైవర్‌ను కిరాయికి మాట్లాడాం. టీ చల్లారకముందే దున్నేసి, కండువాతో మెడ తుడుచుకుంటూ "అయిపోయింది సార్" అన్నాడు. కలుపు లేదు. మామిడి మొక్క కూడా లేదు.

నేను డ్రైవర్ మీద నోరు చేసుకోబోయాను. బావమరిది నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వాడి కళ్ళు వెలిగిపోతున్నాయి.

"చూశావా బావా! అదే రో క్రాప్ అయితే మొక్క మీదుగా పోయేది!"