వాగ్దానపు కార్డు గారికి ఒక మనవి

మహారాజశ్రీ వాగ్దానపు కార్డు గారి సముఖానికి, శ్రీకాకుళం నుంచి ఒక సంఘ సభ్యుడు రాసుకున్న విన్నపం.

కొత్త ఏడాదికి దేవుని మాటగా మేం ఒక్కొక్కరం పెట్టెలోంచి తీసుకునే బైబిలు వచనపు చీటీ మీరు. డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక ప్రార్థన మందిరంలో మీకు దక్కే మర్యాద చూస్తే ఎవరికైనా అసూయ పుడుతుంది. పాస్టరు అయ్యగారు గంటన్నర చెప్పిన ప్రసంగం ఆవులింతల్లో కలిసిపోతుంది. మీ పెట్టె బల్ల మీదికి రాగానే మాత్రం గోడకు ఆనుకుని కునుకు తీసేవారు కూడా లేచి వరుసలో నిలబడతారు. కళ్లు మూసుకుని చెయ్యి పెడతారు. వచ్చింది నచ్చకపోతే "మా చెల్లి కోసం" అని ఇంకొకటి తీస్తారు. పెళ్లికాని కుర్రవాడొకడికి 'నీ భార్య ఫలించే ద్రాక్షావల్లి' అని వస్తే, ఆ పిల్లది ఏ ఊరని వాళ్లమ్మ అయ్యగారిని అక్కడే అడిగింది.

ఆ తర్వాత మీరు బీరువా అద్దం మీదికి, ఆటో ముందు భాగంలోకి, ఫోను కవరులోకి చేరి మాకు కాపలా కాస్తారు. మీరున్నారన్న ధీమాతో మేం ఫిబ్రవరికల్లా బైబిలు మూసేస్తాం. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో జీడిపిక్కలు, మేలో పెళ్లిళ్లు. ఆదివారం మొదట పాటలయ్యాక వస్తాం, తర్వాత వాక్యం సగమయ్యాక, ఆ తర్వాత నెలకోసారి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు. దేవుడు వద్దని ఎవరూ అనలేదు. అయ్యగారు ఎదురుపడి పలకరిస్తే, "ఇంట్లో వాగ్దానం ఉంది కదండీ" అంటాం.

మీ కత్తెర పనితనం గురించి చెప్పాలి. 'తలగా ఉంటావు, తోకగా ఉండవు' అన్న కార్డు మా వీధిలో చాలా ఇళ్లలో ఉంది. ద్వితీయోపదేశకాండం 28లోది. ఆ అధ్యాయంలో దీవెనలకు 14 వచనాలు, శాపాలకు 54. దీవెనలు మొదలయ్యేదే 'శ్రద్ధగా వింటే' అన్న షరతుతో. ఆ ముక్క మీ మీద పట్టలేదు. బంగారు పూల అంచుకు చోటు కావాలి మరి! యిర్మీయా 29:11 ఇంకా గొప్ప. మేలు కలిగించే ఉద్దేశాలే అన్న ఆ మాట బబులోను చెరలో ఉన్నవారికి పంపిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. మీరేమో దాన్ని ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లల జేబులో పెట్టి పంపుతున్నారు.

ఇందులో నవ్వుకోలేని సంగతీ ఉంది. 2018లో ఉద్దానం రైతు ఒకరికి మొదటి కీర్తన వచ్చింది: ఆకు వాడదు, చేసేదంతా సఫలమవుతుంది. ఆ అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆయన మందిరానికి రావడం మానేశాడు, దేవుడు మాట తప్పాడని. తోటకు హామీ ఇచ్చింది మీరు. వాక్యాన్ని రాత్రింబవళ్లు ధ్యానించే మనిషిని ఆ కీర్తన చెట్టుతో పోల్చిందని ఆయన పక్కన కూర్చుని చెప్పినవారు లేరు. సంఘం కూడా తక్కువ తినలేదు: జనవరిలో కార్డు చేతికిచ్చినంత శ్రద్ధగా నవంబరులో ఆ గడప తొక్కలేదు.

వాగ్దానం ఉన్నవాడు ఎలా ఉంటాడో అపొస్తలుల కార్యాలు 27లో ఉంది. 276 మందితో ఓడ పద్నాలుగు రాత్రులు గాలివాటున కొట్టుకుపోయింది. ఒక్క ప్రాణమూ పోదని దేవదూత ఆ ఓడలో ఉన్న అపొస్తలుడు పౌలుకు ముందే చెప్పాడు. అంత మాట చేతిలో ఉన్నా ఆయన ముసుగుతన్ని పడుకోలేదు. లంగర్లు వేసే నెపంతో నావికులు చిన్న పడవ దించి జారుకోబోతే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరని శతాధిపతిని హెచ్చరించాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. కళింగపట్నంలో వేటకు వెళ్లేవారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. మా సంఘంలో ఆ చిన్న పడవ మీరే. లంగరు వేస్తున్నామంటూ మీలోకి దిగుతున్నాం.

పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు 1833లో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసేదాకా విశ్వాసంలో నిలబడ్డారు. ఆయన కీర్తనలు మేం ఇప్పటికీ పాడుకుంటున్నాం. ఆ 57 ఏళ్లూ మీ లామినేషన్ లేకుండా ఎలా నెట్టుకొచ్చారో పాపం!

అందుకే సంఘ కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాను. ఈసారి పెట్టెలో హెచ్చరికలు కూడా కలుపుదామన్నాను. విన్న సంగతులు వదిలి కొట్టుకుపోవద్దని హెబ్రీ పత్రికలోంచి ఒకటి, నులివెచ్చగా ఉన్నావు కనుక ఉమ్మివేస్తానని ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి వచ్చినది ఒకటి. అందరూ ఆమేన్ అన్నారు. కోశాధికారి మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ లవొదికయ కార్డు మన స్లాబుకు చందా ఇస్తామన్నవారి చేతికి వస్తేనో?" అన్నారు.

ప్రతిపాదన వాయిదా పడింది. మిమ్మల్ని మాత్రం అచ్చుకు పంపేశారు. ఈసారి సైజు కొంచెం పెంచారట, పూలు బాగా కనబడేలా.

ఇట్లు,
వరుసలో నిలబడే ఒక సభ్యుడు