రూపాయి పిన్ను మీద ముప్పై వేల రోబో

బండి నుంచి రోబోగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల ధర మాటెత్తితే చాలు, "ప్లాస్టిక్ ముక్కకి ఇంతా?" అని మొదలుపెడతారు. నా గొడవ అది కాదు. ఖరీదు ఉండొచ్చు. ఉక్కు అచ్చులు చెక్కించడం చిన్న ఖర్చేం కాదు, అదంతా అమ్ముడయ్యే ప్రతి పీసు మీదా పడాల్సిందే. కానీ మనం కట్టే డబ్బు కీలు మీద తప్ప మిగతా అన్నింటి మీదా పడుతోంది. లారీ రోబోగా మారాలంటే తిరగాల్సింది కీలే కదా. పెయింటు ఎంత బాగున్నా మోకాలు వదులైతే బొమ్మ అల్మారాలో బొక్కబోర్లా పడుతుంది.

ముందు ధరల సంగతి. 2019లో సీజ్ సిరీస్ డీలక్స్ సైజు (చిన్నది; వాయేజర్, లీడర్, టైటన్ దానికంటే వరసగా పెద్దవి) బొమ్మ అమెరికాలో 20 డాలర్లు. తర్వాత లెగసీ సిరీస్ వచ్చాక అది 25 దాకా పోయింది, బొమ్మ మాత్రం పెరగలేదు. అప్పట్లో 50 డాలర్ల లీడర్ సైజుది ఇంకో రకం మాయ. సీజ్ సిరీస్‌లో షాక్‌వేవ్ అనే రోబోని చూడండి. లోపలి రోబో వాయేజర్ సైజుదే, పైన తగిలించుకునే కవచం ముక్కలు కలిపి లీడర్ అన్నారు. 2020 ఎర్త్‌రైజ్ సిరీస్‌లో లారీగా మారే రోబో ఆప్టిమస్‌కీ అదే సూత్రం, కాకపోతే అక్కడ కనీసం ట్రైలర్ వచ్చింది, పనికొచ్చే వస్తువు, పోనీ అనుకోవచ్చు. టైటన్ సైజులో 2013 మెట్రోప్లెక్స్ 125 డాలర్లకి సుమారు రెండడుగులు. 2021 ఆర్క్ 160 డాలర్లకి 19 అంగుళాలు.

మన దగ్గరకొచ్చేసరికి తడిసి మోపెడు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. ఈ సుంకం బొమ్మ ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. 2,000 రూపాయల బొమ్మకి 1,500 షిప్పింగ్ అనుకుందాం. 3,500 మీద 70 శాతమంటే 2,450. జీఎస్టీ ఇంకా మొదలే కాలేదు, అప్పటికే 5,950. హైదరాబాద్‌లో ఇంపోర్ట్ బొమ్మలు అమ్మేవాళ్లు దోచేస్తున్నారని తిట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఇక నాణ్యత. చేతుల వెనక గుల్లగా ఉందని అందరూ తిడతారు గానీ, అందులో సగమే లోభం. ప్లాస్టిక్ మందంగా పోస్తే చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైన గుంటలు పడతాయి. అచ్చులో ఎక్కువసేపు ఉంచాలి కూడా. అందుకే గోడ పలచగా ఉంచి లోపల ఖాళీ వదులుతారు. ఆ ఖాళీకి మూత వెయ్యాలంటే ఇంకో ముక్క, ఇంకో అచ్చు. అక్కడ మిగుల్చుకుంటే నేను క్షమించగలను. క్షమించలేనిది పారదర్శక ప్లాస్టిక్‌లోంచి లోహపు పిన్ను దించడం. అద్దంలా కనిపించే ఆ ప్లాస్టిక్ బిగువుని ఓర్చుకోదు. పిన్ను చుట్టూ తెల్లటి గీత కనిపించిందంటే పగులు మొదలైనట్టే. కారు అద్దం ముక్కకే కీలు పెట్టిన బొమ్మ కొనేటప్పుడు ముందు అక్కడ లైటు వేసి చూడండి.

బిగుసుకున్న కీలుని బలవంతం చెయ్యకండి. హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం గోరువెచ్చగా చేసి, ఒక్క చుక్క సిలికాన్ నూనె వేసి, కొంచెం కొంచెంగా ఆడించండి. ఇంట్లో తలుపులకి కొట్టే స్ప్రే వద్దు, అందులోని ద్రావకాలతో కొన్ని ప్లాస్టిక్‌లకి సన్నటి పగుళ్లొస్తాయి. స్క్రూతో బిగించిన కీలైతే నూనె కూడా అక్కర్లేదు, పావు చుట్టు వదులు చేస్తే సరిపోతుంది. తీసిన స్క్రూ తిరిగి పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. 'టిక్' మని పాత మరలో కూర్చున్నాక బిగించండి. నేరుగా తిప్పితే కొత్త మర కోసుకుంటుంది, రెండోసారికి ఇక పట్టదు.

పిన్ను తియ్యాల్సి వస్తే రెండు చివరలూ పరీక్షగా చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు సన్నటి గాట్లతో ఉంటుంది. సుత్తి పడాల్సింది నున్నటి వైపు, గాట్లున్న చివర తను వచ్చిన దారినే బయటికి పోవాలి. తిరగేసి కొడితే ఆ గాట్లు రంధ్రం పొడవునా గీరుకుంటూ వెళ్తాయి. రంధ్రం వెడల్పవుతుంది, ఆ పిన్ను ఇక నిలవదు.

వదులైన బంతి కీలుకి సూపర్ గ్లూ అని అందరూ చెప్తారు. సరే, కానీ బంతిని గిన్నెలోంచి పూర్తిగా ఊడదీసి, బంతికే పలచగా పూసి, ఒక రాత్రి ఆరనిచ్చి అప్పుడు బిగించాలి. తడి మీద బిగిస్తే అతుక్కుపోతుంది. నల్ల ప్లాస్టిక్ మీద గ్లూ ఆవిరి తెల్లమచ్చలు కూడా వదులుతుంది. నీళ్లలా ఉండే యాక్రిలిక్ ఫ్లోర్ పాలిష్ దీనికంటే నయం, తేడా వస్తే తుడిచెయ్యొచ్చు. టకటకమని పళ్ల మీద తిరిగే రాచెట్ కీలు అరిగితే ఈ రెండూ దండగే.

పాత సరుకు కొనేవాళ్లకి ఒక్క మాట. 80ల చివర, 90లలో వచ్చిన వాటిలో మెరుపు పొడి కలిపిన బంగారు రంగు ప్లాస్టిక్ ఉంటే, అది పెట్టెలో ఉన్నా పెళుసెక్కుతుంది. మందు లేదు. అమ్మేవాడు 'అసలు ముట్టుకోలేదు' అన్నా విలువ ఇవ్వకండి.

మన ఎండలకి ఇంకో తలనొప్పి. మెత్తటి పీవీసీ కత్తులు, రబ్బరు టైర్లు మూసిన గాజు పెట్టెలో జిగురెక్కుతాయి. ఆ రబ్బరు గట్టి ప్లాస్టిక్‌కి ఆనుకుని నెలల తరబడి ఉంటే దాన్ని కరిగించి మచ్చ పెడుతుంది. టైరు తగిలే చోట పలచటి పాలిథిన్ ముక్క పెట్టండి. వంగిన కత్తిని వేడినీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలుస్తుంది.

ఇప్పుడు అసలు కోపం. సేకరించేవాళ్ల కోసం చేసే మాస్టర్‌పీస్ (ఎంపీ) సిరీస్‌లో 2019 ఎంపీ-44 ఆప్టిమస్ 400 డాలర్ల పైమాటే, అప్పటి రేటుకి ముప్పై వేలకి దగ్గర. కార్టూన్‌లో ఉన్నట్టు కనిపించాలని ముక్క మీద ముక్క మడతపెట్టారు. మడత పెరిగే కొద్దీ కీలు చిన్నదవుతుంది, గోడ పలచబడుతుంది, ఒక ముక్క ఇంకోదాన్ని రాసుకుని పెయింటు లేస్తుంది. అదే సిరీస్‌లో 2011 ఆప్టిమస్, ఎంపీ-10, ఇంత చక్కగా ఉండదు, కానీ చేతిలో బొమ్మలా ఉంటుంది, భయం లేకుండా మార్చొచ్చు. నన్నడిగితే ఎంపీ-10 పక్షమే. (2021లో రోబోసెన్ అనే కంపెనీ 27 సర్వో మోటార్లతో దానంతటదే మారే ఆప్టిమస్ తెచ్చింది, ప్రీ-ఆర్డర్ ధర 699 డాలర్లు. మార్చే సరదా కూడా మోటారుకే ఇచ్చేశాక మనకి మిగిలేది చార్జింగ్ పెట్టడమే.)

డీలక్స్‌లో రెండు కాళ్లూ ఎడమకాళ్లే వచ్చాయంటే ఫ్యాక్టరీ తొందర అనుకుందాం. దాని మీద కిటికీ లేని అట్టపెట్టె తెచ్చి, కొనేముందు చూసుకునే అవకాశం కూడా కొన్నాళ్లు తీసేశారు. సరే, తర్వాత కిటికీ తిరిగొచ్చింది. విడిభాగాల మాటేంటి? లైసెన్సు లేకుండా ఇలాంటి బొమ్మలు చేసే కంపెనీలు కూడా విరిగిన ముక్కకి బదులు ముక్కని దుకాణం ద్వారా పంపుతుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్స్ అమ్మే అసలు కంపెనీ హాస్‌బ్రో మోకాలి ముక్క విడిగా అమ్మదు. డబ్బు వాపసు తీసుకో, లేదా మొత్తం పెట్టె తిప్పి పంపు. సుంకం కట్టి విజయవాడకో హైదరాబాద్‌కో తెప్పించుకున్నవాడికి తిప్పి పంపే ఖర్చే ఇంకో బొమ్మ ఖరీదు. ప్రతి పెట్టెలో రెండు అదనపు పిన్నులు, నాలుగు స్క్రూలు వేసిన చిన్న కవరు పెట్టమనండి. ధర ఇంకో డాలరు పెంచినా నోరెత్తను.