కరెంటు బిల్లులో బొగ్గెంత?

(ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్, పై అంతస్తు ఫ్లాట్. మే నెల. మావయ్య థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. మేనకోడలు ఉద్యోగం చేస్తూ ఆయన ఇంట్లోనే ఉంటోంది. ఇంటి కర్బన లెక్క రాయాలా, అక్కర్లేదా అన్నదే వాదన.)

మావయ్య: ఏం రాస్తున్నావమ్మాయ్, పాల లెక్కా?

మేనకోడలు: మనింటి కార్బన్ లెక్క మావయ్యా. ఏప్రిల్‌లో 420 యూనిట్లు కాల్చాం. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే 294 కిలోలు.

మావయ్య: బొగ్గు మండించేది స్టేషన్. ఇక్కడ నువ్వు పద్దు రాస్తే అక్కడ బాయిలర్‌లో బొగ్గు తగ్గుతుందా?

మేనకోడలు: ఎందుకు తగ్గదు? రాత్రి ఏసీలన్నీ ఆన్ అయితే లోడ్ పెరిగిందని బొగ్గు కరెంటే పెంచేవాళ్లమని మీరే చెప్పారు. లోడ్ పడిపోతే ముందు తగ్గించేదీ దాన్నేగా!

మావయ్య: (దానికి జవాబివ్వకుండా) అసలీ కార్బన్ ఫుట్‌ప్రింట్, అదే ఒక్కో మనిషి వల్ల గాలిలో కలిసే కార్బన్ లెక్క, అన్న మాటను జనం నోట్లో పెట్టిందెవరో తెలుసా? బీపీ, చమురు కంపెనీ! 2004లో కాలిక్యులేటర్ పెట్టి, ఎవరి లెక్క వాళ్లు చూసుకోండంది. లాభం వాళ్లది, తిలాపాపం మాత్రం తలా పిడికెడు. మన దేశంలో తలసరి ఏడాదికి 2 టన్నులు, అమెరికాలో 14. ముందు వాళ్లను రాయమను.

మేనకోడలు: బీపీ సంగతి నిజమే. కానీ సగటు చాటున దాక్కుంటే ఎలా? ఆ 2 టన్నుల్లో ఉక్కు, సిమెంటు ఫ్యాక్టరీల పొగ కూడా ఉంది. మనింటి సంగతి చూడండి. 14.2 కిలోల సిలిండర్ మొత్తం మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. మనకది నెలన్నర వస్తుంది కాబట్టి నెలకు 28. కారుకు 30 లీటర్ల పెట్రోలు, లీటరుకు 2.3 చొప్పున 69. అన్నీ కలిపితే 391. ఉన్నది ముగ్గురం. ఇదే లెక్కన మనిషికి ఏడాదికి టన్నున్నర దాటుతుంది. ఇందులో తిండి, బట్టలు, మీరు ఢిల్లీ వెళ్లొచ్చిన విమానం ఇంకా కలపలేదు.

మావయ్య: ఏప్రిల్ బిల్లును పన్నెండుతో గుణిస్తావా? డిసెంబర్‌లో ఏసీ ఎవరు వేస్తారు?

మేనకోడలు: డిసెంబర్‌లో గీజర్ ఉంటుంది. బకెట్ వేడినీళ్లకు అర యూనిట్ అవుతుంది. అందుకే పన్నెండు నెలలూ రాద్దామంటున్నా.

మావయ్య: మీ అత్తయ్య పప్పు నానబెట్టి మరీ కుక్కర్ పెడుతోంది, చాలదూ?

మేనకోడలు: మంచిదే. కానీ గ్యాస్ మొత్తమే 28 కిలోలు, అందులో పప్పు వల్ల మిగిలేదెంత? అసలు బరువు మన నెత్తి మీదుంది, ఈ స్లాబు! పగలంతా కాగి, అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. ఏసీ పోరాడేది దానితోనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ, అంటే పైకప్పులు వేడెక్కకుండా చూసే విధానం, తెచ్చింది ఇందుకే. డాబా మీద తెల్లగా సున్నం కొట్టిద్దాం.

మావయ్య: రెండు వానలకు కొట్టుకుపోతుంది.

మేనకోడలు: మళ్లీ ఫిబ్రవరిలో వేయిద్దాం. ఇంకోటి, 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని రూలు. మీ చేతికి రిమోట్ వస్తే 18! ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అంటుంది ఇంధన సామర్థ్య బ్యూరో.

మావయ్య: 24లో నాకు నిద్ర పట్టదు.

మేనకోడలు: ఫ్యాన్ వేసుకోండి. దానికయ్యే కరెంటు ఏసీ ముందు ఏపాటి?

మావయ్య: సరే, మనింటి మీటర్ ఒక్కటే ఎందుకు మరి? లిఫ్టు, నీళ్ల మోటారు, సెల్లార్‌లో పట్టపగలు వెలిగే లైట్లు, ఆ కామన్ మీటర్ ఎవరి ఖాతాలో రాస్తావు?

మేనకోడలు: అక్కడికే వస్తున్నా. 2024లో మొదలైన సూర్య ఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ కామన్ అవసరాలకు కూడా సోలార్ సబ్సిడీ ఉంది, కిలోవాట్‌కి 18 వేలు. సెక్రటరీగారు మీటింగ్‌లో పెట్టాలి.

మావయ్య: పెడితే? మా వడియాలెక్కడ ఎండబెట్టుకోవాలని ఆడవాళ్లంతా నా మీదకొస్తారు. ఆ టెన్షన్ నాకు.

మేనకోడలు: ప్యానెళ్లు ఎత్తులో పెడితే కింద జాగా మిగులుతుంది. వడియాలకు ఎండ తగిలే మూల వేరే వదులుదాం.

మావయ్య: ముందు కామన్ మీటర్ బిల్లు ఎంతొస్తోందో చూడాలిగా. తీసుకురా, చూద్దాం.

మేనకోడలు: అవన్నీ మీ బీరువాలోనే ఉన్నాయి మావయ్యా. కవర్లు కూడా చింపలేదు.