సవరణ: తాళం గుర్తు ఉంటే నమ్మొచ్చని రాశాను, అది తప్పు

ఇన్‌కమ్‌ట్యాక్స్ రీఫండ్ పేరుతో వచ్చే దొంగ మెయిళ్ల గురించి మొన్న రాసినప్పుడు, లింక్ తెరిచాక పైన తాళం గుర్తు కనిపిస్తే ఆ సైట్ అసలుదేనని అన్నాను. తప్పు రాశాను, క్షమించండి. దాన్ని ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.

తాళం చెప్పేది ఒక్కటే, మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని. అవతల ఉన్నది దొంగా కాదా అన్నది అది చెప్పదు. ఆ తాళం గుర్తుకి కావాల్సిన డిజిటల్ సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. జనం ఇలాగే పొరబడుతున్నారని గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ గుర్తే తీసేసింది.

చూడాల్సింది అడ్రస్, అదీ మొదలు కాదు, చివర. మొదట్లో ఉండే జంట స్లాష్ (//) దాటాక, ఒంటి స్లాష్ (/) వచ్చే చోట ఆగి దానికి ముందున్నది చదవండి. ‘ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్’ అని మొదలై, దాని వెనకే ఇంకో డాట్, ఇంకేదో పేరు, డాట్ కామ్ అని ఉంటే ఆ సైట్ ఆ చివరి పేరు వాళ్లది, ప్రభుత్వానిది కాదు. ఫోన్‌లో అడ్రస్ సగమే కనిపిస్తుంది కాబట్టి మెయిల్‌లో వచ్చిన లింక్ అస్సలు నొక్కకండి, ఇన్‌కమ్‌ట్యాక్స్ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి లాగిన్ అవ్వండి, రీఫండ్ ఉంటే అక్కడే కనిపిస్తుంది. పిన్, పాస్‌వర్డ్, కార్డు వివరాలు ఇన్‌కమ్‌ట్యాక్స్ శాఖ మెయిల్‌లో అడగదు.

ఇప్పటికే ఇచ్చేశారా? ముందు బ్యాంకుకి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారన్న టెన్షన్‌తో ఆలస్యం చేయొద్దు, డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ.