"రెండు రోజుల్లో రివ్యూ" సందేశానికి నా సమాధానం

ప్రాజెక్టు రిపోర్టుల గడువు దగ్గరపడగానే తిరుపతిలో సైకాలజీ పీజీ చదివే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఈసారి దాన్ని నాకు పంపినవారిలో పాఠాలు చెప్పే మిత్రులు కూడా ఉండటంతో ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. "లిటరేచర్ రివ్యూ రెండు రోజుల్లో" అనే ఆ సందేశం (రివ్యూ అంటే మన అంశం మీద ఇంతకుముందు జరిగిన పరిశోధనల సమీక్ష) చెప్పేది ఇది: అసలు పేపర్లు వెతకనక్కరలేదు, సీనియర్ల రిపోర్టులోని రెండో అధ్యాయం తీసుకుని పేర్లూ సంవత్సరాలూ అలాగే ఉంచి వాక్యాలు మార్చండి; చాలకపోతే ఏఐని అడిగి రిఫరెన్సులు నింపండి; సాఫ్ట్‌వేర్‌లో పోలిక 10 శాతం లోపు వస్తే కాపీ కానట్టే; అయిదేళ్లకన్నా పాత పరిశోధనలు వద్దు; ఫలితం అనుకూలంగా రాకపోతే పరికల్పనను, అంటే ఫలితం ఇలా ఉంటుందని ముందే రాసుకున్న అంచనాను, మార్చేయండి; మొత్తం ముప్పై పేపర్లు చాలు; పరిచయ అధ్యాయం చివర్లో రాయండి.

అయిదేళ్ల నియమం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. పరీక్షల ఆందోళన మీద పనిచేస్తూ స్పీల్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1980లో తెచ్చిన ప్రశ్నావళిని వాడుకునే విద్యార్థి, అది పాతదన్న కారణంతో దాన్ని తయారుచేసిన మనిషి పేరు రాయకుండా ఎలా ఉంటాడు? కొత్త పరిశోధనలు తప్పక చూడాలి. పునాది వేసిన పనిని వదిలేయకూడదు. అంతే.

అసలు నష్టమంతా మొదటి సలహాలో ఉంది. చదవని పేపరును చదివినట్టు రాయడం వల్ల ఏమవుతుందో మన శాస్త్ర చరిత్రే చూపించింది. వాట్సన్, రేనర్ అనే పరిశోధకులు 1920లో ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగం సైకాలజీ చదివిన ప్రతివారికీ తెలుసు. తెల్ల ఎలుకను చూపించి, వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టి, బిడ్డకు ఎలుకంటే భయం కలిగించారు. తర్వాత దశాబ్దాల తరబడి పాఠ్యపుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి ఆ కథను రాసుకుంటూ పోయాయి. 1979లో బెన్ హారిస్ అనే పరిశోధకుడు అసలు పేపరును ముందు పెట్టుకుని ఆ పుస్తకాలను పరిశీలిస్తే, ప్రయోగంలో లేని వస్తువులు చేరడమే కాక, చివరికి బిడ్డ భయాన్ని వాట్సన్ పోగొట్టాడన్న ముగింపు కూడా కొన్నింటిలో కనిపించింది. నిజానికి భయం పోగొట్టే ప్రయత్నం జరగకముందే ఆ బిడ్డ ఆసుపత్రి నుంచి వెళ్లిపోయాడు, ఆ సంగతి వాట్సన్, రేనర్ తమ పేపర్లోనే రాశారు. మనిషి అవసరాలను మెట్లుమెట్లుగా వివరించిన సైకాలజిస్టు మాస్లో విషయమూ అంతే. అవసరాల పిరమిడ్ బొమ్మ వేసి కింద "మాస్లో, 1943" అని రాయని రిపోర్టు అరుదు, కానీ ఆ 1943 పేపర్లో పిరమిడ్ అనేదే లేదు. పుస్తకాలు రాసిన పెద్దలకే ఇలా జరిగినప్పుడు, సీనియర్ రాసింది జూనియర్, ఆ జూనియర్ రాసింది ఇంకో జూనియర్ వాక్యాలు మార్చి మార్చి రాస్తే నాలుగో ఏటికి అందులో ఎవరి మాట మిగులుతుంది?

పైగా వాక్యం మార్చే పని చాలాసార్లు అర్థాన్నే మార్చేస్తుంది. "సంబంధం కనిపించింది" అన్నది "కారణమైంది" అవుతుంది, "అమెరికాలోని కాలేజీ విద్యార్థుల్లో" అన్న ముక్క ఎగిరిపోతుంది. తిరుపతి హాస్టళ్లలో ఉండి ఇంటర్ చదివే పిల్లల ఆందోళన గురించి రాసేవారికి ఆ ముక్కే కీలకం. ఆ పరిశోధనలో పాల్గొన్నది ఎవరు, ఎంతమంది, ఏ ప్రశ్నావళి, దాన్ని తెలుగులోకి మార్చి విశ్వసనీయత (ఎన్నిసార్లు వాడినా నిలకడగా కొలుస్తుందా అన్నది) చూశారా లేదా అన్నవి పేపరుకొక వరుస చొప్పున నోట్సులో రాసుకుంటే, ఇంతవరకూ ఎవరూ చూడనిది ఏమిటో ఆ వరుసల్లోనే బయటపడుతుంది. రివ్యూ రాసేదే అందుకు.

ఏఐ ఇచ్చే రిఫరెన్సుల్లో రచయిత పేరు, జర్నల్ పేరు నిజమైనవే ఉండి, పేపరు మాత్రం ఎక్కడా లేకపోవడం ఇప్పుడు మామూలైపోయింది. పేపరుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐని doi.org వెబ్‌సైటులో కొట్టి చూడటానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం కూడా పెట్టలేనివారు రేపు కౌన్సెలింగ్ గదిలో ఎదుట కూర్చున్న మనిషికి ఏ ఆధారంతో సలహా చెబుతారు? ఈ ప్రశ్న నేను కోపంతోనే అడుగుతున్నాను.

పది శాతం లెక్క విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల్లోంచి వచ్చింది. ఆ మేరకు పోలికకు శిక్ష లేదన్నది నిజమే. అయితే అవే నిబంధనలు ఇతరుల పనినే కాక ఆలోచనను సొంతమని చూపడాన్నీ గ్రంథచౌర్యమనే అన్నాయి. మాటలు మార్చినంత మాత్రాన ఆలోచన మనదైపోదు.

పరికల్పన మార్చడమంటే బాణం తగిలిన చోట గురి గీయడమే. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో వంద సైకాలజీ పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం వాటిలో ఉన్న సార్థక ఫలితం (కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనిది) రెండోసారి 36 శాతం వాటిలోనే వచ్చింది. దీనికి ఒకే కారణం లేకపోయినా, ఫలితాన్ని చూశాక పరికల్పన రాసుకునే అలవాటు వాటిలో ఒకటని పరిశోధకులే చెప్పుకున్నారు. తేడా రాలేదని రాసిన రిపోర్టు ఓడిపోయిన రిపోర్టు కాదని పిల్లలకు గైడ్లే ముందు చెప్పాలి.

ఇక ఆ సందేశంలో సరైనవి కూడా ఉన్నాయి, ఒప్పుకోవాలి. పరిచయం చివర్లో రాయడం మంచి సలహా. ముప్పై పేపర్లు చాలన్నదీ నిజమే, శ్రద్ధగా చదివితే ఇరవై కూడా చాలు. అన్నిటికన్నా ముఖ్యంగా, పేపర్లు దొరకవన్న పిల్లల మొర అబద్ధం కాదు. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు వేల జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. చిత్తూరు వైపు ప్రైవేటు కాలేజీలో చదివే అమ్మాయికి ఆ సౌకర్యం లేదు. వెతకడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పనూ లేదు. ఆ ఖాళీలోనే ఈ సందేశం పుట్టింది, దానికి బాధ్యత పిల్లలది కాదు, మనది.

అలాంటివారు గూగుల్ స్కాలర్‌లో పేపరు కింద ఉండే "అన్ని వెర్షన్లు" నొక్కితే చాలాసార్లు ఉచిత ప్రతి దొరుకుతుంది. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పేపర్లు, శోధ్‌గంగలో మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉన్నాయి. రచయితకు మెయిల్ పెడితే పంపేవారూ ఉంటారు. అయినా దొరకకపోతే, ఫలానా పరిశోధన గురించి ఫలానా పుస్తకంలో చదివానని ఉన్నదున్నట్టు రాయండి. సైకాలజీలో రిఫరెన్సులు రాసే ఏపీఏ పద్ధతిలో అందుకు చోటు ఉంది, వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగితే ధైర్యంగా ఆ మాటే చెప్పవచ్చు.